స్లేటు క్వారీల దగ్గర ఒక రాత్రి: లాన్‌బెరిసా, కూమోర్థినా? ఏది మేలు?

బ్యాంక్ హాలిడే దగ్గరపడితే చాలు, మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ళ నుంచి ఒకటే ప్రశ్న. "వేల్స్‌లో పాడుబడ్డ స్లేటు (పలక రాయి) క్వారీలు చూసి, ఒక రాత్రి కొండ మీద టెంటు వేసుకుందామనుకుంటున్నాం. లాన్‌బెరిస్ వైపు వెళ్ళమంటారా, కూమోర్థిన్ లోయ ఉన్న బ్లైనై ఫెస్టినియోగ్ వైపు వెళ్ళమంటారా?" మొన్న మే నెలలో మేమూ ఇదే తర్జనభర్జన పడి ఒకటి ఎంచుకున్నాం కాబట్టి, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను. అడిగేవాళ్ళలో చాలామంది ఇప్పటికే వేల్స్‌లోకెల్లా ఎత్తైన స్నోడన్ కొండ ఎక్కి వచ్చినవాళ్ళే. బూట్లు, రెయిన్‌కోటు, స్లీపింగ్ బ్యాగు సంగతులు మళ్ళీ ఎత్తను.

రెంటికీ అసలు తేడా రాయిలోనే ఉంది. లాన్‌బెరిస్ పక్కన ఉన్న దినోర్విగ్‌లో స్లేటు పొరలు మందంగా, దాదాపు నిట్టనిలువుగా దిగాయి. అందుకని కొండను పైనుంచి మెట్లు మెట్లుగా కోసుకుంటూ వచ్చారు. ఫెస్టినియోగ్ వైపు పొరలు వాలుగా కొండ కడుపులోకి పోయాయి. మీద ఉన్న పనికిరాని రాయంతా తొలగిస్తే గిట్టుబాటు కాదు గనక, మధ్యమధ్య రాతి స్తంభాలు వదులుతూ పొర వెంబడే లోపలికి తవ్వుకుపోయారు. కాబట్టి ఒకచోట చూడాల్సిందంతా ఆరుబయట ఉంది, రెండోచోట సగానికి పైగా చీకట్లో ఉంది. మార్కాపురం పలకల గనులో, బేతంచెర్ల బండల క్వారీలో చూసినవాళ్ళకి వృథా రాతి గుట్టలు కొత్తేం కాదు. కానీ ఇక్కడ ఒక టన్ను అమ్మకపు స్లేటు తీయాలంటే పది టన్నులకు పైగా రాయి పారబోయాల్సి వచ్చేది. ఆ పారబోసిందంతా కొండవాలున అలాగే ఉంది. 2021లో ఈ స్లేటు ప్రాంతాలకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చినప్పుడు ఈ గుట్టలూ అందులో భాగమే.

ముందు దినోర్విగ్. చూడగానే నోరు తెరిపించే విషయంలో దీనికి సాటి లేదు, ఆ మాట ఒప్పుకుని తీరాలి. 1787లో పెద్దఎత్తున పని మొదలైంది, 1969లో మూతపడింది. మంచి రోజుల్లో మూడు వేలమందికి పైగా పనిచేసేవారు. పక్కనే ఉన్న పెన్‌రిన్ తర్వాత అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్ద స్లేటు క్వారీ ఇదే. క్వారీలోని భాగాలకు ఆస్ట్రేలియా, కాలిఫోర్నియా అని పేర్లు పెట్టుకున్నారు. దినోర్విగ్ ఊరి నుంచి క్వారీ మధ్యగా వెళ్ళే కాలిబాట మీద నడుస్తుంటే ఊదా, ఎరుపు, ఆకుపచ్చ చాయల రాయి గోడలు గోడలుగా కిందకి దిగిపోతూ కనిపిస్తుంది. దారిలో ఆంగిల్సీ బ్యారెక్స్ అని రెండు వరుసల ఇళ్ళు ఎదురెదురుగా ఉంటాయి. ఆంగిల్సీ దీవి నుంచి వచ్చిన పనివాళ్ళు వారమంతా ఇక్కడే ఉండి, వారాంతానికి ఇంటికి పోయేవారు. 1948లో ఆరోగ్యశాఖ వాళ్ళు ఇవి మనుషులు ఉండే చోటు కాదని ఖాళీ చేయించారు. ఇప్పుడు పైకప్పులు లేవు, గోడల మధ్య చెట్లు మొలిచాయి.

ఇంకో విశేషం కూడా ఉంది. క్వారీ ఉన్న ఎలిదిర్ వౌర్ కొండ లోపల 1984 నుంచి ఒక జలవిద్యుత్ కేంద్రం నడుస్తోంది. కరెంటు చౌకగా దొరికినప్పుడు కింది చెరువు నీళ్ళను పైచెరువుకి తోడి, గిరాకీ పెరిగినప్పుడు కిందకి వదులుతారు. మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో ఉన్నలాంటి రివర్సిబుల్ టర్బైన్లే, సామర్థ్యం మాత్రం 1,700 మెగావాట్ల పైచిలుకు. మూతపడ్డ క్వారీ కాబట్టి అంతా మనదే అనుకుంటే పొరపాటు అని చెప్పడానికే ఇదంతా. కాలిబాటకు రెండువైపులా కంచె ఉంది. ఫొటోల్లో మీరు చూసే పాత ఇనుప నిచ్చెనలు, గొలుసులు, సొరంగాలు, పచ్చనీళ్ళ గుంటలు దాదాపు అన్నీ ఆ కంచెకి అవతలే. దూకి వెళ్ళేవాళ్ళు వెళ్తూనే ఉన్నారు. పైనుంచి రాళ్ళూ జారుతూనే ఉన్నాయి.

పోనీ, కంచె ఇవతలి నుంచే చూద్దాం, అదీ తక్కువేం కాదు. నా అభ్యంతరం వేరే ఉంది. రాత్రి ఎక్కడ పడుకుంటారు? క్వారీలో టెంటు వేయడం కుదరదు. కిందకి దిగి నాంట్ పెరిస్ దగ్గర క్యాంప్‌సైట్‌కి రావాలి. క్యాంప్‌సైట్లు బాగానే ఉంటాయి, స్నానాలకి వేడినీళ్ళు ఉంటాయి, పక్కనే పబ్బు కూడా. కానీ లోయలోంచి పోయే రోడ్డు మీద స్నోడన్‌కి వచ్చేవాళ్ళ కార్లు తెల్లవారుజామునే మొదలవుతాయి. క్వారీ చూడటం మధ్యాహ్నం పని అయిపోతుంది, క్యాంపింగ్ రాత్రి పని అయిపోతుంది. రెంటికీ సంబంధం ఉండదు. డే ట్రిప్‌కి వచ్చి హోటల్లో పడుకున్నా ఇదే ట్రిప్పు.

నా లెక్కలో ఈ ఎంపికను తేల్చేది ఇదొక్కటే: టెంటుకీ క్వారీకీ మధ్య ఎంత దూరం? సాయంత్రం జనం దిగిపోయాక, పొద్దున్నే జనం రాకముందు, ఏ కంచే దూకకుండా మీరు ఆ రాళ్ళ మధ్య తిరగగలగాలి. అది కుదరకపోతే ఇంత బరువు మోసుకుని ఎక్కడం ఎందుకు?

కూమోర్థిన్ లోయ ఆ పరీక్షలో నెగ్గుతుంది. బ్లైనై ఫెస్టినియోగ్‌ని ఆనుకుని ఉన్న తానగ్రిషై ఊళ్ళో కారు ఆపి, వాగు పక్కనే పాత క్వారీ దారిలో ఎక్కితే కాసేపట్లో చెరువు వస్తుంది. దారి పొడవునా కంచె కూడా స్లేటే. నడుము ఎత్తు పలకలను నేలలో నిలువుగా పాతి, పైన తీగతో ఒకదానికొకటి కట్టేశారు. కొన్ని వంగి పక్కదాని మీద వాలాయి, తీగ మాత్రం చాలాచోట్ల ఇంకా పట్టుకునే ఉంది. చెరువు గట్టున పనివాళ్ళ ఇళ్ళ వరుస, లోయ చివర పైకప్పు లేని ప్రార్థనా మందిరం, అక్కడి నుంచి పైకి వాలుగా ఎక్కే పాత ట్రాలీ దారి. అది ఎక్కితే రెండు కొండల మధ్య కనుమలో రోసిద్ క్వారీ. బరువుతో మెల్లగా నడిచినా గంటన్నర, రెండు గంటల పని. అంతా పబ్లిక్ కాలిబాటే.

రోసిద్ అంటే కొండ మీద ఒక ఊరు. 1930లో పని ఆగిపోయింది. బ్యారెక్స్, స్లేటు కోసే మిల్లు, ఆఫీసు, అన్నిటి గోడలూ మిగిలే ఉన్నాయి, వీధి కూడా వీధిలాగే ఉంది. సోమవారం పొద్దున్నే వారానికి సరిపడా తిండి భుజాన వేసుకుని ఎక్కి, శనివారం దిగేవాళ్ళు ఇక్కడి పనివాళ్ళు. ఒక పొయ్యి గూడులో నిలబడి పైకి చూస్తే పొగగొట్టం లోంచి ఆకాశం కనిపిస్తుంది. పొయ్యి పక్క రాళ్ళు ఇంకా నల్లగానే ఉన్నాయి. ఇళ్ళకి కొంచెం అవతల సొరంగం నోరు ఉంది. ఎండ కాస్తున్న మధ్యాహ్నం కూడా దాని ముందు నిలబడితే పిక్కలకు చల్లటి గాలి తగులుతుంది, లోపల ఏడాది పొడవునా పది డిగ్రీల లోపే కాబట్టి. చీలమండ లోతు నీళ్ళలో పట్టాలు లోపలికి పోతూ కనిపిస్తాయి.

క్వారీ నుంచి పడమటి వైపు పాత ట్రామ్ దారి పట్టుకుని పోతే క్రోసోర్ లోయ అంచుకు చేరతారు. స్లేటు బండ్లను తాళ్ళతో దింపిన ఏటవాలు దారి అక్కడి నుంచి ఒక్క విసురున రెండు వందల మీటర్ల దాకా కిందకి పడుతుంది. 1864లో వేసిన క్రోసోర్ ట్రామ్‌వే మీద ఆ సరుకంతా పోర్త్‌మాడోగ్ రేవుకి వెళ్ళేది. మబ్బు లేకపోతే ఎదురుగా క్నిక్ట్ శిఖరం, ఎడమవైపు దూరంగా సముద్రం. సాయంత్రం ఏడున్నరకి ఆ అంచున కూర్చుని మేం డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిన్నాం. చుట్టుపక్కల గొర్రెలు తప్ప ఎవరూ లేరు. దినోర్విగ్‌లో ఆ వేళకి మేం కారు పార్కింగ్ దగ్గర ఉండేవాళ్ళం.

ఇక అందరూ అడిగే మాట: సొరంగంలోకి వెళ్ళొచ్చా? గైడు లేకుండా వద్దు, అంతే. ఇందులో నేను మొహమాటపడను. 1900లోనే రోసిద్ లోపల పెద్ద భాగం కూలిపోయింది. కింది అంతస్తులు నీళ్ళతో నిండిపోయాయి. మిగిలినచోట కర్ర వంతెనలు కుళ్ళిపోయాయి, వాటి కింద ఎంత లోతుందో టార్చి వెలుగులో తెలియదు. క్రోసోర్ గని నుంచి రోసిద్ దాకా లోపలి నుంచే దాటే ప్రయాణం ఒకటి ప్రసిద్ధం. తాళ్ళు, పడవ, నడుముకి కట్టుకునే హార్నెస్ అన్నీ కావాలి, తెలిసినవాళ్ళ వెంట మాత్రమే చేయాలి. లోపల చూడాలన్న కోరిక బలంగా ఉంటే బ్లైనైలో లెక్‌వెద్ గనిలోకి టికెట్ కొనుక్కుని వెళ్ళండి, పిల్లలకీ సరదాగా ఉంటుంది. డబ్బుకి వెనకాడకపోతే కూమోర్థిన్ గనిలోనే నాలుగు వందల మీటర్లకు పైగా లోతున క్యాబిన్లు కట్టి 2023లో రాత్రి బస మొదలుపెట్టారు. గైడే వెంట తీసుకెళ్తాడు. నాకైతే పడుకోవడానికి ఆకాశం కావాలి.

టెంటు విషయంలో ఈ వైపు ఉన్న చిక్కులు కూడా చెప్పాలి. వేల్స్‌లో కొండ మీద ఎక్కడ పడితే అక్కడ టెంటు వేసే హక్కు లేదు. భూమి యజమాని అనుమతి ఉండాలి. స్కాట్లండ్‌లో 2003 చట్టం ఆ హక్కు ఇచ్చింది. ఇంగ్లండ్‌లో డార్ట్‌మూర్ ఒక్కచోటే ఉంది, 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది. వేల్స్‌లో పొలాల గోడలు దాటి ఎత్తుకి వెళ్ళాక, పొద్దు గుంకే వేళకి వేసి పొద్దున్నే తీసేస్తే చాలాచోట్ల చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ఎవరైనా వచ్చి తీసేయమంటే మారు మాట్లాడకుండా తీసేయాలి. మంట అసలు పెట్టకూడదు, గ్యాస్ స్టవ్ ఒక్కటే. బ్యారెక్స్ గోడల మధ్య టెంటు వేస్తే గాలి తగలదు కదా అనిపిస్తుంది. ఆ గోడల్ని కలిపిన సున్నం ఎప్పుడో కరిగిపోయింది, పక్కన పడుకోవద్దు.

క్వారీ నేలలో టెంటు మేకు దిగదు. రెండంగుళాలు దిగి పలకకు తగిలి వంగిపోతుంది. పలకల అంచులు గ్రౌండ్‌షీటుని కోసేస్తాయి. కాస్త అవతలికి జరిగితే చిత్తడి నేల, మేకు దిగుతుంది గానీ పట్టు ఉండదు. గుట్టలు దాటి పైకి, గొర్రెలు మేసే పొట్టి గడ్డి ఉన్న చోటు వెతుక్కోవాలి. వెలుగుండగానే చేరాలనేది అందుకే. తాళ్ళకి మేకుల బదులు బరువైన రాళ్ళు కట్టుకోవచ్చు, వాటికి ఇక్కడ కొదవ లేదు, కానీ గోడల నుంచి ఊడబెరకొద్దు. తాగే నీళ్ళు క్వారీలోంచి వచ్చే కాలువలో పట్టకండి, తవ్వకాలకు పైన ఉన్న వాగులో పట్టి మరిగించుకోండి. తడిసిన స్లేటు సబ్బురాసినట్టే జారుతుంది. ఏటవాలు దారి దిగేటప్పుడు అంచున ఉన్న గడ్డి మీద అడుగేయండి. బ్లైనై వానలకు పేరుమోసిన ఊరు, మబ్బు దిగితే కనుమలో దారి వెతుక్కోవడం కష్టం. కాగితం మ్యాప్ తప్పనిసరి. ఏదైనా జరిగితే 999కి ఫోన్ చేసి పోలీసు, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. వచ్చేవాళ్ళంతా వాలంటీర్లు, పైసా తీసుకోరు.

మిగతావి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. లేక్ డిస్ట్రిక్ట్‌లో హానిస్టర్ దగ్గర డబ్స్ హట్, వార్న్‌స్కేల్ అని పాత క్వారీ గదులు రెండు కొండ యాత్రికుల బసలుగా ఉన్నాయి. టెంటే అక్కర్లేదు, కానీ శనివారం రాత్రి చోటు దొరకడం లాటరీ. స్కాట్లండ్‌లో బల్లాహులిష్ క్వారీ ఊరి మధ్యలోనే ఉంది, గ్లెన్‌కోకి పోతూ అరగంట ఆగితే చాలు. నాంట్లె లోయలోని డొరోతియా క్వారీ నీళ్ళు వంద మీటర్లకు పైగా లోతు, ఎందరో డైవర్లు అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈతకని అసలు వెళ్ళొద్దు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నా, పదేళ్ళలోపు పిల్లలున్నా లాన్‌బెరిసే మేలు. చెరువు పక్క చిన్న రైలు ఉంది, వాన పడితే కూర్చోవడానికి కఫేలున్నాయి. అక్కడి స్లేటు మ్యూజియాన్ని 2024 నవంబర్‌లో మరమ్మతులకని మూశారు, తెరిచారో లేదో చూసుకుని బయల్దేరండి. మిగతావాళ్ళంతా కూమోర్థిన్ వెళ్ళండి, వీలైతే మే నెలలో, జూన్ నుంచి సాయంత్రాల్లో మిడ్జెస్ అనే చిరుదోమలు తినేస్తాయి. తానగ్రిషైలో కారు పెట్టే చోటు తక్కువ. మధ్యాహ్నం రెండు దాటాక వెళ్తే పొద్దున వచ్చినవాళ్ళు దిగిపోతుంటారు, చోటు దొరుకుతుంది, పైకి చేరేసరికి ఇంకా బోలెడంత వెలుగుంటుంది.