షికాగో ప్రింటర్స్ రోలో లాఫ్ట్ కొనేముందు: ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్ల సమీక్ష

షికాగో డౌన్‌టౌన్ దక్షిణం అంచున, డియర్‌బోర్న్ వీధిలో, బాగుచేసిన లాఫ్ట్ (పాత పరిశ్రమ భవనంలోని అంతస్తును మార్చి చేసిన ఇల్లు) ఏది అమ్మకానికి వచ్చినా ఫొటోలు ఒకేలా ఉంటాయి. ఎర్ర ఇటుక గోడ, పదమూడు అడుగుల ఎత్తున కప్పు, పైన బయటికే కనిపించే గుండ్రటి డక్ట్ (గాలి గొట్టం), తెల్ల క్వార్ట్జ్ కౌంటర్. మేం ఇక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నాం. ఈ వీధంటే మాకు ప్రాణం. అందుకే గట్టిగా చెబుతున్నాం, కిచెన్ చూసి ధర ఒప్పుకోకండి. కిచెన్ మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. బయటి గోడ, కిటికీలు, మీ నెత్తిమీది ఫ్లోరు, భవనంలోని ఇళ్ల యజమానులందరి ఉమ్మడి సంఘం (అసోసియేషన్) ఖాతా మీ ఒక్కరి చేతిలో ఉండవు.

ఇక్కడి పాత భవనాలు చాలావరకు ఒకప్పుడు అచ్చుకూటాలు. డొనహ్యూ బిల్డింగ్ 1883 నాటిది, వీధి చివర గడియారం టవరున్న డియర్‌బోర్న్ స్టేషన్ 1885 నాటిది. అక్షరాలు పేర్చడానికి వెలుతురు కావాలి కాబట్టి పెద్ద కిటికీలు పెట్టారు, యంత్రాల బరువు మోయాలి కాబట్టి ఫ్లోర్లు దిట్టంగా కట్టారు. 1971లో స్టేషన్ మూతపడింది. ఆ దశాబ్దం చివరి నుంచి ఈ భవనాలు ఒక్కొక్కటిగా ఇళ్లయ్యాయి. అంటే ప్రకటనలో ‘రెనొవేటెడ్’ అని ఉన్నా, గోడల వెనక నిలువు నీళ్ల పైపులు, డ్రైనేజీ పైపులు చాలాచోట్ల నలభై ఏళ్లు దాటినవే. వాటిని ఎప్పుడు మార్చారో తప్పకుండా అడగండి.

ఇక ఇటుక గోడ సంగతి. ఇళ్లుగా మార్చిన రోజుల్లో పాత సున్నం, రంగు వదిలించడానికి చాలా భవనాల్లో లోపలి గోడల్ని ఇసుకతో కొట్టి శుభ్రం చేశారు. బట్టీలో కాలినప్పుడు ఇటుకకు పైన ఒక గట్టి పొర ఏర్పడుతుంది. ఇసుక దెబ్బకు అది పోతుంది. లోపలి మెత్తటి మట్టి బయటపడి, సందుల్లోని సున్నంతో కలిసి రోజూ సన్నటి ఎర్రపొడిగా రాలుతుంది. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు నల్లగుడ్డ ఒకటి తీసుకెళ్లి, మంచం తల వచ్చే చోట గోడమీద ఒక్కసారి రుద్దండి. గుడ్డ ఎర్రబడితే ఆ పొడి రేపు మీ దిండుమీద ఉంటుంది.

దానికి మందు ఉంది. ముందు మెత్తటి బ్రష్‌తో దులిపి, సన్నటి ధూళిని కూడా పట్టే హెపా ఫిల్టరున్న వాక్యూమ్‌తో పీల్చాలి. వదులైన సందుల్ని సున్నం పాళ్లు ఎక్కువున్న మోర్టార్‌తో నింపాలి. అది బాగా ఆరాక, గాలి ఆడనిచ్చే మ్యాట్ సీలర్ రెండు పలుచటి పూతలు వేయాలి. మెరిసే సీలర్ మాత్రం వద్దు. బయటి గోడలో చేరిన తేమ దాని వెనక చిక్కుకుని ఇటుక పెచ్చులు ఊడతాయి. గట్టి సిమెంటుతో సందులు నింపినా అంతే, తేమ సందుల్లోంచి పోలేక ఇటుకలోంచే దారి వెతుక్కుంటుంది. తెల్లగా ఉప్పు పూస్తుంటే నీళ్లతో కడగొద్దు, పొడిబ్రష్‌తో తీసి, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడాలి. చాలాసార్లు కిటికీపైన ఇటుకల్ని మోసే ఉక్కు దూలం (లింటెల్) కారణం. అది తుప్పుపట్టి ఉబ్బితే పైనున్న ఇటుకల్ని లేపుతుంది. కిటికీ పైమూలల నుంచి మెట్లు మెట్లుగా నెర్రె పాకుతుంటే అనుమానించాల్సింది దాన్నే.

కిటికీలు పెద్దవైతే వెలుతురుతో పాటు చలీ వస్తుంది. జనవరిలో ఒంటిపొర అద్దం లోపలివైపు నీళ్లు కారి చెక్క కిటికీమెట్టు కుళ్లుతుంది. బాగా చలి ఉన్న రోజుల్లో ఇంట్లో తేమ 30 శాతం దగ్గర ఉంచితే ఇది చాలావరకు తగ్గుతుంది. కిటికీ మార్చాలంటే అసోసియేషన్ ఒప్పుకోవాలి. చారిత్రక గుర్తింపు ఉన్న భవనమైతే వీధివైపు కిటికీ ఆకారానికి నగరం అనుమతీ కావాలి. వేడి గాలి పైకెళ్లి కప్పుకింద కూర్చుంటుంది, కాబట్టి సీలింగ్ ఫ్యాన్‌ను శీతాకాలం దిశకు (కిందినుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు) మార్చి నెమ్మదిగా నడపండి. తేడా ఆ రోజే తెలుస్తుంది.

మాకొచ్చిన ఇబ్బందుల్లో పెద్దది శబ్దం. కలప దూలాల భవనాల్లో పై ఇంటి ఫ్లోరు అడుగుభాగమే మీ కప్పు. మధ్యలో ఫాల్స్ సీలింగ్ ఉండదు. మడమ తాకిడి, కుర్చీ జరిపిన చప్పుడు నేరుగా దిగుతాయి. కింద సీలింగ్ కొట్టిస్తే మీరు డబ్బు పెట్టి కొన్న దూలాలే కనబడకుండా పోతాయి. అసలు పరిష్కారం పై ఇంట్లోనే, చెక్కకింద రబ్బరు పొర, దానిపైన పలుచటి జిప్సం కాంక్రీటు ఉండాలి. పైవాళ్ల ఫ్లోరు ఎలా వేశారో, కార్పెట్ నిబంధన ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. కాంక్రీటు ఫ్లోర్లున్న భవనాల్లో ఈ బాధ చాలా తక్కువ. ఒకసారి సాయంత్రం ఏడు దాటాక వెళ్లి, పది నిమిషాలు మాటల్లేకుండా నిలబడి వినండి. వాన్ బ్యూరెన్ వీధికి దగ్గరైతే పైనపోయే రైళ్ల మోత కూడా అప్పుడే తెలుస్తుంది.

రెండు బెడ్‌రూములని రాసినా, లోపలి గదికి చాలాసార్లు కిటికీ ఉండదు, గోడ కప్పుదాకా వెళ్లదు. తాతయ్య, అమ్మమ్మ ఆర్నెల్లకు వచ్చి ఉండే ఇల్లయితే ఇది చిన్న విషయం కాదు. భవనాల మధ్య ఇరుకు సందువైపు ఉన్న ఇళ్లను మిట్టమధ్యాహ్నం చూడండి, అప్పుడే ఎంత చీకటో అర్థమవుతుంది.

మన వంటకు సంబంధించి ఒక్కటి ముఖ్యం. పొయ్యి మీది హుడ్ గాలిని బయటికి పంపుతుందా, వడగట్టి మళ్లీ ఇంట్లోకే వదులుతుందా? హుడ్‌పైన ఉన్న అలమర తెరిచి చూడండి, డక్ట్ లేకపోతే రెండోదే. డక్ట్ కోసం బయటి గోడకు రంధ్రం పెట్టనివ్వడం అరుదు. అప్పుడు ఎండుమిర్చి పోపు ఘాటు ఇల్లంతా తిరిగి ఇటుకలో, దూలాల్లో దాక్కుంటుంది. జాలీ నెలకోసారి కడిగి, బొగ్గు ఫిల్టర్ మూణ్ణెల్లకోసారి మార్చి, పోపును లోతైన గిన్నెలో మూతపెట్టి వేస్తే బతకొచ్చు. తోరణాలు, దండలు మాత్రం కప్పుకిందుండే, మంటలార్పే స్ప్రింక్లర్ పైపుకు కట్టొద్దు.

కాగితాల్లో మొదట చదవాల్సింది ఇల్లినాయి రాష్ట్ర కాండో (ఉమ్మడి భవనంలో సొంత ఇళ్లు) చట్టం 22.1 సెక్షన్ కింద అసోసియేషన్ ఇచ్చే వివరాలు. పెద్ద మరమ్మతుల కోసం దాచే రిజర్వు నిధి ఎంతుందో, రాబోయే రెండేళ్లలో పెద్ద ఖర్చులేమున్నాయో, కోర్టు కేసులున్నాయో అందులో ఉంటాయి. 80 అడుగులూ అంతకుమించీ ఎత్తున్న భవనాల బయటి గోడల్ని నగర నిబంధన ప్రకారం నిపుణులు నిర్ణీత గడువుల్లో పరీక్షించాలి. ఆఖరి నివేదిక తెప్పించుకోండి. అందులో మరమ్మతు రాసి, ఖాతాలో డబ్బు లేకపోతే ఆ బిల్లు స్పెషల్ అసెస్‌మెంట్‌గా, అంటే యజమానులందరికీ పంచే అదనపు వసూలుగా, మీకూ వస్తుంది. అసోసియేషన్ బడ్జెట్‌లో తగినంత వాటా రిజర్వుకు వెళ్లకపోతే లోన్ దగ్గర కూడా చిక్కొస్తుంది. కొనేవాళ్లు నగరానికి కట్టే ట్రాన్స్‌ఫర్ టాక్స్ (ఆస్తి చేతులు మారినప్పటి పన్ను) ధరలో ప్రతి 500 డాలర్లకు 3.75 డాలర్లు, అంటే నాలుగు లక్షల డాలర్ల ఇంటికి 3,000 డాలర్లు. షికాగో ఉన్న కుక్ కౌంటీలో ఆస్తిపన్ను ఏడాది ఆలస్యంగా కట్టేది కాబట్టి, అమ్మేవాళ్ల వాటాను క్లోజింగ్‌లో (ఇల్లు చేతులు మారే రోజు లెక్కల్లో) క్రెడిట్‌గా రాయించుకోవాలి. ఒప్పందాన్ని లాయరు పరిశీలించే అటార్నీ రివ్యూకు సాధారణంగా ఉండేది అయిదు పనిదినాలే. అందుకే ఈ కాగితాల జాబితాను ఆఫర్ పెట్టే రోజే లాయరు చేతిలో పెట్టండి.