ఘాట్ రోడ్డులో గేర్‌బాక్స్ వేడి: మీటరు ముందా, కూలర్ ముందా?

ఆటోమేటిక్ బండి కొని తరచూ కొండలెక్కే స్నేహితులు నన్ను గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ గురించి అడుగుతుంటారు. కూలర్ సంగతి తర్వాత, ముందు ఆ ఆయిల్ ఎంత వేడెక్కుతోందో చూసే ఏర్పాటు చేసుకోండి అంటాను. నేను రెండూ వాడుతూ రెండు ఎండాకాలాలు దాటాయి. బండి ఇన్నోవా క్రిస్టా 2.8 డీజిల్, ఆరు గేర్ల ఆటోమేటిక్. ఉండేది హైదరాబాద్‌లో, ఎక్కువగా వెళ్లేది తిరుమలకి, ఎప్పుడన్నా అరకు, శ్రీశైలం.

డాష్‌బోర్డు మీద కనిపించే టెంపరేచర్ ముల్లు ఇంజిన్ కూలెంట్‌ది. గేర్‌బాక్స్ ఆయిల్‌కి దానితో నేరుగా సంబంధం లేదు. ముల్లు మధ్యలో హాయిగా నిలబడి ఉండగానే కింద గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఉడుకుతూ ఉండొచ్చు. దానికంటూ హెచ్చరిక లైటు ఉన్న బండ్లలో కూడా ఆ లైటు వెలిగేసరికి పరిస్థితి చాలా దూరం వచ్చేసి ఉంటుంది.

మీటరు అంటే ప్రత్యేకమైన యంత్రమేమీ కాదు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో (బండి కంప్యూటర్ రీడింగులు అందేచోటు) గుచ్చే బ్లూటూత్ డాంగిల్, ఫోన్‌లో ఒక యాప్. మొదట కొన్న చవక డాంగిల్ పావుగంటకోసారి కనెక్షన్ తెంపేది, సరిగ్గా మలుపుల మధ్యలోనే. దాన్ని పక్కన పడేసి కాస్త ఖరీదైనది తీసుకున్నాక ఆ గోల లేదు. ఇక్కడ ఒక చిక్కుంది. ఇంజిన్ కూలెంట్ వేడి ఏ యాప్‌లోనైనా వచ్చేస్తుంది కానీ గేర్‌బాక్స్ ఆయిల్ వేడిని ఒక్కో కంపెనీ ఒక్కో కోడ్‌లో దాచి ఉంచుతుంది. కాబట్టి యాప్ కొనేముందు మీ బండి మోడల్‌కి ఆ రీడింగ్ ఇస్తుందో లేదో చూసుకోండి. టార్క్ ప్రో యాప్‌లో చాలా బండ్లకి కోడ్ మనమే చేత్తో ఎక్కించుకోవాలి, కార్ స్కానర్‌లో కంపెనీల వారీగా ప్రొఫైళ్లు ఉంటాయి. నేను రెండోదానికి మారాను. 110 డిగ్రీలకి అలారం పెట్టుకున్నాను. మే నెల ఎండలో డాష్‌బోర్డు మీద పెట్టిన ఫోనే ముందు వేడెక్కి ఆగిపోతుంది, దాన్ని ఏసీ గాలి తగిలేచోట బిగించుకోండి.

అంకెలు చూడటం మొదలుపెట్టాక నాకు ఆశ్చర్యం కలిగించింది ఎండ కాదు. ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం విజయవాడ హైవే మీద వందలో పోతుంటే ఆయిల్ 85 దగ్గర కదలకుండా ఉంటుంది. సిటీ ట్రాఫిక్‌లో 90 దాటి కొంచెం. అదే తిరుమల ఘాట్‌లో, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కూడా 110 దాటేది. ఏడుగురితో, పైన లగేజీతో అరకు దారిలో శృంగవరపుకోట దాటి అనంతగిరి ఎక్కినప్పుడు 118 చూశాను.

కారణం టార్క్ కన్వర్టర్‌లో ఉంది. ఇంజిన్ తిప్పే బలాన్ని అది ఆయిల్ ద్వారానే గేర్లకి అందిస్తుంది, ఆ అందించడంలో జారేదంతా వేడిగా మారుతుంది. హైవేలో ఇంజిన్‌నీ గేర్లనీ నేరుగా కలిపేసే లోపలి లాకప్ క్లచ్ పట్టుకుంటుంది కాబట్టి జారుడు ఉండదు. ఘాట్‌లో నెమ్మదిగా, మాటిమాటికీ ఆక్సిలరేటర్ తొక్కుతూ వదులుతూ ఎక్కుతుంటే లాకప్ నిలవదు. తిరుమల ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలన్న నిబంధన కూడా ఉంది, అంటే గంటకి నలభై లోపే. భద్రతకి అది మంచిదే, ఆ వేగంలో కన్వర్టర్‌కి మాత్రం పని ఎక్కువ. లాక్ అయిందో లేదో కనిపెట్టడం తేలికే. ఆక్సిలరేటర్ కొద్దిగా నొక్కినప్పుడు వేగం పెరగకుండా ఆర్‌పీఎమ్ ఒక్కటే ఎగిరితే జారుతున్నట్టు.

ఇది తెలిశాక బండికి ఏదీ బిగించకుండానే వేడి తగ్గించగలిగాను. ఘాట్ మొదలవగానే డీ నుంచి, గేరు పరిమితి మనమే పెట్టుకునే ఎస్ మోడ్‌కి మార్చి మూడో గేరు దాటనివ్వను, గట్టి ఎక్కుడైతే రెండు. ఇంజిన్ శబ్దం పెరుగుతుంది, పక్కన కూర్చున్నవాళ్లు ‘ఏంటి బండి అలా మూలుగుతోంది’ అంటారు. అననివ్వండి. కింది గేరులో జారుడు తగ్గుతుంది, ఆయిల్ పంపు వేగంగా తిరుగుతుంది. తిరుమలలో ఈ ఒక్క అలవాటుతోనే నాకు ఆరేడు డిగ్రీలు తగ్గాయి. పైకి చేరాక వెంటనే ఇంజిన్ ఆపను. పార్కింగ్ గేరులో పెట్టి కాసేపు నడవనిస్తే ఆయిల్ తిరుగుతూ అంకె కళ్లముందే దిగిపోతుంది.

మరి కూలర్ ఎందుకు పెట్టించానంటే, అరకు కోసం. ఎంత జాగ్రత్తగా నడిపినా నిండు బరువుతో 110 దాటుతూనే ఉంది. ఆయిల్ 80 డిగ్రీల పైన ప్రతి 11 డిగ్రీలకీ ఆయుష్షు సగమవుతుందని పాత మెకానిక్కుల లెక్క. ఇప్పటి సింథటిక్ ఆయిళ్లు అంత త్వరగా చెడవు గానీ 120 దాటిన ఆయిల్‌ని నెలల తరబడి నమ్ముకోలేం. గ్రిల్ వెనక, ఏసీ కండెన్సర్ ముందు చిన్న ప్లేట్ల కూలర్ బిగించి, గేర్‌బాక్స్‌కి తిరిగి వెళ్లే పైపులో కలిపారు. పాత కూలింగ్ ఏర్పాటు అలాగే ఉంది, దాని తర్వాత ఇది. అదే దారిలో అదే బరువుతో ఇప్పుడు 103, 105. హైవేలో తేడా దాదాపు లేదు. పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు గాలి ఆడక దీనివల్ల ఒరిగేదీ పెద్దగా లేదు.

బిగించేటప్పుడు దగ్గరుండి చూసుకోవాల్సింది హోస్. మామూలు నీళ్ల పైపు పనికిరాదు, వేడి ఆయిల్‌కి తట్టుకునే రకమే కావాలి. వారంటీ నడుస్తున్న బండికి ఈ పని చేయిస్తే తర్వాత పేచీ రావచ్చు, నేను వారంటీ అయిపోయాకే చేయించాను. కూలర్‌లోకీ పైపుల్లోకీ కొంత ఆయిల్ పోతుంది కాబట్టి మట్టం మళ్లీ సరిచూడాలి. ఈ బండికి డిప్‌స్టిక్ లేదు. ఆయిల్ దాదాపు 40 డిగ్రీల దగ్గర ఉండగా, ఇంజిన్ నడుస్తుండగా, కింద ప్లగ్ తీసి సన్నగా కారేదాకా పోయాలి. ఇక్కడ కూడా ఆ డాంగిలే పనికొచ్చింది, వేడెంతో చెప్పింది అదే. ‘ఇది జీవితకాలపు ఆయిల్, ముట్టుకోనక్కర్లేదు’ అన్న సర్వీస్ వాళ్ల మాట నేను పట్టించుకోలేదు. తీసిన ఆయిల్ ఎరుపు పోయి ముదురు గోధుమరంగుకి వచ్చింది. టయోటా డబ్ల్యూఎస్ ఆయిలే మళ్లీ పోయించాను.

రేడియేటర్ లోపలే గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబడే బండ్లు చాలా ఉన్నాయి. అలాంటివాటికి కూలర్ కంటే ముందు రేడియేటర్ వయసు చూడండి. లోపలి గోడ చిల్లుపడితే కూలెంట్, ఆయిల్ కలిసి రోజ్‌మిల్క్‌లా తయారవుతాయి, ఆ గేర్‌బాక్స్ బతకడం కష్టం. ఏఎమ్‌టీ (మామూలు గేర్‌బాక్స్‌లోనే క్లచ్, గేర్లు యంత్రం మార్చే రకం) బండ్లవాళ్లకి ఇదేదీ అక్కర్లేదు, వాటిలో టార్క్ కన్వర్టరే ఉండదు.

సిటీలో తిరుగుతూ ఏడాదికోసారి కొండెక్కేవాళ్లు డాంగిల్‌తో ఆగిపోండి. నాకైతే ఇప్పుడు హోస్ క్లిప్పుల దగ్గర కొద్దిగా చెమ్మ కనిపిస్తోంది, వచ్చే అరకు ప్రయాణం లోపు అవి మార్పించాలి.