పేరులేని హ్యాంగర్ గేజి: ఇంట్లో గేర్లు సరిచేసుకొనేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

సైకిల్ వెనక గేర్లు సరిగా పడకపోతే చాలామంది ముందుగా గేరు కేబుల్ బిగువును సరిచేసే బ్యారెల్ అడ్జస్టర్ మీదే చేయి వేస్తారు గానీ, చైనును ఒక గేరు నుంచి మరో గేరుకు జరిపే డీరెయిలర్‌ను మోసే హ్యాంగర్ (ఫ్రేముకు బిగించే చిన్న లోహపు ముక్క) వంగి ఉన్నప్పుడు ఆ అడ్జస్టర్‌ను ఎంత తిప్పినా వృథా ప్రయాసే. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఈ వంపుకు కారణం వెతకనక్కరలేదు. సెల్లార్‌లో పక్క బండి తగిలి సైకిల్ కుడివైపుకు పడితే చాలు, హ్యాంగర్ స్పోకుల వైపు ఒరుగుతుంది. ఫ్రేము దెబ్బతినకముందే తాను వంగిపోవాలన్న ఉద్దేశంతోనే అల్యూమినియం ఫ్రేములకు దాన్ని విడి భాగంగా బిగిస్తారు. ఆ వంపును కొలిచి సరిచేసే గేజిలలో, ఏ కంపెనీ పేరూ లేకుండా ఆన్‌లైన్‌లో అమ్మే చవక రకాన్ని తెప్పించి వాడి చూశాను.

పనితీరు తేలికే. 5 మి.మీ. అలెన్ కీతో డీరెయిలర్‌ను విప్పి, హ్యాంగర్‌లోని అదే రంధ్రంలో గేజిని బిగించాలి. చక్రం ఫ్రేములో పూర్తిగా కూర్చుందని నిర్ధారించుకున్నాక, వాల్వు దగ్గర రిమ్ముకు గేజి మొనను ఆనించి, చక్రాన్నీ గేజి కడ్డీనీ కలిపి తిప్పుతూ ముందు, కింద, వెనక, వీలైతే పైన మొనకూ రిమ్ముకూ మధ్య సందు ఎంతుందో పోల్చాలి. ప్రతిసారీ వాల్వు దగ్గరే కొలుస్తాం కనుక రిమ్ములోని వంకర లెక్కలోకి రాదు. తేడా 4 మి.మీ. లోపు ఉంటే 7 గేర్ల సైకిల్‌కు సరిపోతుంది. 11 గేర్ల క్యాసెట్‌లో (వెనక చక్రం మీది పళ్ళచక్రాల గుత్తి) పళ్ళచక్రాలు మరీ దగ్గరగా ఉంటాయి కాబట్టి ఇంకా కచ్చితంగా సరిచేయాలి.

అసలు లోపం కీలు దగ్గర ఉంది. కడ్డీ కొద్దిగా ఆడుతుంది. పట్టించుకోకపోతే ఆ ఆట కూడా కొలతలో కలిసిపోయి, నిటారుగా ఉన్న హ్యాంగర్‌నే వంచే ప్రమాదముంది. కొలిచే ప్రతిసారీ కడ్డీని చక్రం వైపు మెల్లగా నొక్కిపెడితే ఆ తేడా పోతుంది. మొనను పట్టి ఉంచే ప్లాస్టిక్ మర కూడా తరచూ వదులవుతుంది. పార్క్ టూల్ కంపెనీ గేజి డీఏజీ-2.2తో పోలిస్తే ధర బాగా తక్కువ కాబట్టి ఈ చాదస్తాన్ని భరించవచ్చు. (రోజూ పది సైకిళ్ళు చూసే మెకానిక్‌కు మాత్రం దీన్ని అంటగట్టకూడదు.)

హ్యాంగర్ సరైన తరువాత మిగిలేది స్వల్పమే. డీరెయిలర్ ఎంతవరకు జరగాలో నిర్ణయించే స్క్రూలు రెండు. చైను అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం మీద ఉన్నప్పుడు డీరెయిలర్ పై పుల్లీ దాని బయటి అంచు కిందికి వచ్చేలా హెచ్ స్క్రూను, అన్నిటికన్నా పెద్దదాని మీద ఉన్నప్పుడు సరిగ్గా దాని కిందికి వచ్చేలా ఎల్ స్క్రూను అమర్చాలి. ఎల్ స్క్రూ విషయంలో అశ్రద్ధ పనికిరాదు, చైను స్పోకుల్లో పడితే చక్రమే పాడవుతుంది. పెద్ద పళ్ళచక్రం మీదికి ఎక్కడానికి చైను మొరాయిస్తే బ్యారెల్‌ను అపసవ్య దిశలో పావు చుట్టు చొప్పున తిప్పాలి.

ఒక్క సైకిల్ ఉన్నవారికి మెకానిక్‌కు ఇచ్చే కూలీయే లాభం. ఇంట్లో మూడు నాలుగు ఉన్నా, అపార్ట్‌మెంట్‌లో కలిసి కొనుక్కున్నా ఈ గేజి గిట్టుబాటవుతుంది. అల్యూమినియాన్ని పదేపదే అటూ ఇటూ వంచితే పగిలిపోతుంది కనుక అదనంగా ఒక హ్యాంగర్ దగ్గర పెట్టుకోవాలి. ఫ్రేమును బట్టి దాని ఆకారం మారుతుంది. కోఠీలో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా పాతదాన్ని విప్పి, పక్కన పెట్టి పోల్చుకున్నాకే కొనండి.