జెట్టీ అంటే ఏ జెట్టీ? పోర్ట్ బ్లెయిర్ ఎయిర్‌పోర్టు నుంచి ఫెర్రీ దాకా

అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో విమానం దిగిన చోటి నుంచి హావ్‌లాక్ దీవికి పోయే ఫెర్రీ ఎక్కే జెట్టీ, అంటే రేవు, దాకా దూరం ఐదు కిలోమీటర్లకు అటూ ఇటూ. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఆటో ఎక్కి పానగల్లు గుడికి పోయినంత. ఇంత చిన్న దారికి రివ్యూ ఏంది అనిపిస్తది. కానీ ముందే డబ్బు కట్టి బుక్ చేసుకున్న ఫెర్రీ చేజారేది ఈ కాస్త దారిలోనే. రోడ్డు బాగానే ఉంటది, బండ్లకు కొదవ లేదు. చిక్కంతా పేర్లతోటి, గడియారంతోటి.

పేర్ల సంగతి మొదలు తేల్చుకుందాం. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీవిజయపురంగా మారింది. అంతకు ముందే, 2018 డిసెంబరులో, హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ అనే ఇంకో దీవి షహీద్ ద్వీప్ అయింది. విమానం టికెట్టు మీద ఒక పేరు, ఫెర్రీ టికెట్టు మీద ఇంకో పేరు కనబడితే తప్పు టికెట్టు కొన్నామని గాభరా పడొద్దు. ఆటోవాళ్ల నోట ఇంకా పాత పేర్లే ఆడుతుంటాయి కాబట్టి ఇక్కడ కూడా అవే వాడుతున్నాం.

ఇక అసలు గొడవ. ఎయిర్‌పోర్టు బయట బండి ఎక్కి "జెట్టీకి పోనీ" అంటే సరిపోదు. ఊళ్లో జెట్టీ అనే మాటకు కనీసం నాలుగు అర్థాలున్నాయి. హడ్డో జెట్టీ నుంచి హావ్‌లాక్, నీల్ పోయే ప్రైవేటు ఫెర్రీలు బయల్దేరతాయి: మక్రూజ్, నాటికా, గ్రీన్ ఓషన్ లాంటివి. ఫీనిక్స్ బే జెట్టీ ప్రభుత్వ ఫెర్రీలది. అబర్డీన్ జెట్టీ, అంటే రాజీవ్ గాంధీ వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్, రాస్ ఐలాండ్‌కు, నార్త్ బేకు పోయే చిన్న పడవలది. చాథమ్ నుంచి బండ్లతో సహా అవతలి ఒడ్డున ఉన్న బాంబూ ఫ్లాట్‌కు దాటించే ఫెర్రీ నడుస్తది. హైదరాబాద్‌లో ఆటో ఎక్కి ఉత్తగా "బస్టాండ్‌కు పోనీ" అన్నట్టే ఇది. ఎంజీబీఎస్‌లో దేవరకొండ బస్సు పట్టుకోవాల్సిన మనిషిని జూబ్లీ బస్టాండ్‌లో దింపితే తప్పు ఆటోవాడిది కాదు.

హడ్డోకు, ఫీనిక్స్ బేకు మధ్య దూరం పెద్దగా ఏం లేదు. దారి తప్పినా మళ్లీ బండి పట్టుకుని రావొచ్చు. కాకపోతే పెట్టెలు దించి, గేటు దగ్గర టికెట్టు చూపించి, "ఇక్కడ కాదు, అక్కడ" అనిపించుకుని, మళ్లీ బండి మాట్లాడుకుని అక్కడికి చేరేసరికి అరగంట గడుస్తది. బోర్డింగ్ మూసేసే అరగంట సరిగ్గా అదే అయితే చేసేదేం లేదు. అందుకే ఫెర్రీ టికెట్టు చేతికి రాగానే మొదట చూడాల్సింది సీటు నంబరు కాదు, రిపోర్ట్ చేయాల్సిన చోటు. దాన్ని తెలుగులోనో ఇంగ్లిషులోనో ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి పైజేబులో పెట్టుకోండి. ఇంటి పెద్దలు విడిగా ఇంకో బండిలో వస్తుంటే వాళ్లకూ ఒక కాగితం ఇవ్వండి. డ్రైవరుతో "హడ్డో, ప్రైవేటు ఫెర్రీ" అనో, "ఫీనిక్స్ బే, గవర్నమెంటు బోటు" అనో రెండు ముక్కలూ కలిపి చెప్పాలి. ఒక ముక్క వినబడకపోయినా రెండోది కాపాడుతది.

భాష గురించి భయం అక్కర్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో 13 శాతం మందికి పైగా మాతృభాష తెలుగు. యాస మనది కాదు, ఎక్కువగా ఉత్తరాంధ్రది. అయినా "ఏం అన్నా, హడ్డోకు ఎంత?" అని అడిగితే చాలాసార్లు తెలుగులోనే జవాబు వస్తది. హిందీ అందరికీ వచ్చు.

బండ్లలో ఏది మంచిది? సామాను ఎక్కువున్న కుటుంబానికి టాక్సీ. ప్రీపెయిడ్ కౌంటరు తెరిచి ఉంటే అక్కడే చీటీ తీసుకోండి. చీటీ మీద రేవు పేరు సరిగ్గా పడిందో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి, దిగినంక మాత్రమే అది డ్రైవరుకు ఇవ్వండి. ఒక్కరో ఇద్దరో, వీపున సంచీలతో వచ్చినవాళ్లకు ఆటో చాలు. మీటరు మీద ఆశ పెట్టుకోవద్దు, రేటు ఎక్కకముందే మాట్లాడుకోవాలి. "మనిషికా, బండికా?" అన్న ప్రశ్న కూడా అప్పుడే అడగాలి. దిగేటప్పుడు అడిగితే జవాబు మారుతది. ఓలా, ఉబర్ యాప్‌ల మీద ఆధారపడి కూర్చోవద్దు. ప్యాకేజీ తీసుకున్నవాళ్లకు హోటల్ బండే వస్తది, అన్నిటికన్నా సుఖం అదే. ఒక్కటే జాగ్రత్త: ఆ బండి నేరుగా రేవుకు పోతదా, ముందు హోటల్‌కు పోయి అక్కడి నుంచి రేవుకు పోతదా అన్నది నల్లగొండలో ఉండగానే ఫోన్లో తేల్చుకోవాలి. సిటీ బస్సులూ ఉన్నాయి. చక్రాల పెట్టె లాక్కుంటూ మెయిన్ రోడ్డు దాకా నడిచి వాటి కోసం ఎదురుచూడటం ఫెర్రీ ఉన్న రోజు చేయాల్సిన పని కాదు.

ఇప్పుడు గడియారం. విమానం ఆగాక తలుపు తెరిచి అందరూ దిగేసరికి పది పదిహేను నిమిషాలు. బెల్టు మీద పెట్టె వచ్చేదాకా ఇరవై నుంచి ముప్పై. బండి మాట్లాడుకుని సామాను ఎక్కించేసరికి పది. దారి మామూలుగా పదిహేను ఇరవై నిమిషాలు, బడులు విడిచే వేళ ఇంకొంచెం. ఫెర్రీ బయల్దేరే టైముకు గంట ముందు రేవులో ఉండాలనుకోండి. అన్నీ కలిపితే రెండు గంటలకు అటూ ఇటూ. విమానం సరైన టైముకు దిగితేనే ఈ లెక్క. దానికి ఇంకో గంట కలిపి, ల్యాండింగ్ టైముకూ ఫెర్రీ టైముకూ మధ్య మూడు గంటలు పెట్టుకోండి. వానాకాలమైతే మూడు కూడా తక్కువే. రన్‌వే నౌకాదళంతో కలిసి వాడుకునేది, చుట్టూ గుట్టలు, మబ్బు కమ్మితే విమానం గాల్లో చక్కర్లు కొట్టడమో వెనక్కి మళ్లడమో జరుగుతది. రెండు గంటల తేడాతో ఫెర్రీ బుక్ చేసి "చూద్దాంలే" అనుకునేవాళ్లకు ఒకే మాట: హావ్‌లాక్ మరుసటి రోజు పొద్దున కూడా అక్కడే ఉంటది.

పైగా అక్కడ పొద్దు మనకన్నా ముందు వాలుతది. గడియారం మనదే, కానీ ఊరు మనకు పదమూడు డిగ్రీలకు పైగా తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున యాభై నిమిషాలు దాటే తేడా. డిసెంబరులో ఐదు గంటలకు చీకటి పడుతుంటది. ఫెర్రీలు పొద్దున్నే ఎక్కువ, మధ్యాహ్నం దాటినంక పలుచబడతాయి. మధ్యాహ్నం ఫెర్రీ పోతే ఆ రోజుకు ఇంకోటి ఉందన్న ధైర్యం పెట్టుకోవద్దు. హైదరాబాద్ నుంచి నేరుగా పోయే విమానానికి రెండుంబావు గంటలు పడుతది. పొద్దున విమానం పట్టాలంటే నల్లగొండవాళ్లు నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరాలి, అంటే అర్ధరాత్రి దాటాక బయల్దేరాల్సిందే. పాలమూరువాళ్లకు జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా నేరు దారి, కొంత నయం. రాత్రంతా నిద్రలేని మనిషిని దిగిన పూటే సముద్రం మీదికి ఎక్కిస్తే వాంతులు మొదలవుతాయి. పిల్లలు, ముసలివాళ్లు ఉంటే మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఆగి, తెల్లారి ఫెర్రీ పట్టడం మేలు.

హడ్డోలో లోపలికి పోయే పద్ధతి చిన్న ఎయిర్‌పోర్టులా ఉంటది. టికెట్టు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపాలి, సామాను ఎక్స్‌రే మిషన్‌లోకి పోతది. టికెట్టు మీద పేరు, ఆధార్ మీద పేరు ఒకటే ఉండాలి. మన దగ్గర ఇంటిపేరు ముందు రాసే అలవాటు, బుకింగ్ ఫారంలో అది చివరికి పోతది. అది పర్వాలేదు, అక్షరాలు తేడా రాకుండా చూసుకుంటే చాలు. పిల్లల కార్డులు కూడా అసలువి వెంట ఉండాలి. టికెట్టు ప్రింటు తీసుకుపోండి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వచ్చినంక నెట్ చాలా మెరుగైంది, అయినా గేటు ముందు క్యూలో నిలబడి పీడీఎఫ్ తెరుచుకోక తిప్పలు పడటం ఎందుకు?

ప్రైవేటుదా, ప్రభుత్వానిదా అన్నదానికి మా తీర్పు: విమానం దిగిన రోజే పోవాలంటే ప్రైవేటుదే. హావ్‌లాక్‌కు గంటన్నర నుంచి రెండు గంటల్లో చేరుస్తది, టికెట్టు ఇంట్లో కూర్చుని ముందే కొనుక్కోవచ్చు. ప్రభుత్వ ఫెర్రీ చాలా చవక, రెండున్నర గంటల దాకా పడుతది. కానీ అది ముందుగా ద్వీపాల్లో ఉండేవాళ్ల కోసం నడిచే బండి, మనలాంటి టూరిస్టులకు సీటు ఖాయం కావడం కష్టం. టైము చేతిలో ఉండి, ఊళ్లో ఒకటి రెండు రోజులు ఆగేవాళ్లకు అది బాగుంటది. ప్రైవేటువి చాలావరకు ఏసీ వేసి మూసేసిన హాళ్లు, గ్రీన్ ఓషన్‌లో పైన డెక్ మీదికి పోయి గాలి పీల్చుకోవచ్చు. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు డాక్టరును అడిగి తెచ్చుకున్న మాత్రను ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి. ఓడ ఊగడం మొదలైనంక వేసుకుంటే మాత్ర కూడా బయటికే వస్తది. మధ్యలో, వెనక వైపు సీట్లలో ఊపు తక్కువ.

సామాను గురించి రెండు ముక్కలు. మామిడికాయ తొక్కు చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి, చేతిసంచీలో ఉంటే శంషాబాద్‌లోనే తీయిస్తారు. పవర్ బ్యాంకు మాత్రం తిరకాసు: విమానంలో అది చేతిసంచీలోనే ఉండాలి. దిగినంక మందులు, నీళ్లు, పిల్లల తువ్వాలు ఆ చిన్న సంచీలోకే మార్చుకోండి, ఎందుకంటే ఫెర్రీలో పెద్ద పెట్టెలు ఒక మూలన గుట్టపోస్తారు, మధ్యలో తీసుకోవడం కుదరదు. అన్ని పెట్టెలూ నల్లవే కాబట్టి హ్యాండిల్‌కు ఒక ఎర్ర గుడ్డపీలిక కడితే దిగేటప్పుడు వెతుకులాట తప్పుతది.

తిరుగు ప్రయాణంలో ఇదే దారి ఎదురుగా వస్తది, చిక్కు మాత్రం రెట్టింపు. పోయేటప్పుడు ఫెర్రీ తప్పితే టికెట్టు పైసలే పోతాయి. వచ్చేటప్పుడు సముద్రం బాగాలేదని ఫెర్రీ ఆపేస్తే విమానం టికెట్టు పోతది, దాని ఖరీదు వేరే లెక్క. పొద్దున ఫెర్రీకి వచ్చి మధ్యాహ్నం విమానం ఎక్కే ప్లాన్ కాగితం మీద బాగుంటది, అల్పపీడనం పట్టిన వారంలో నిలవదు. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే గది తీసుకోండి. బీచిలో ఏరిన శంఖాలు, పగడం ముక్కలు అక్కడే వదిలేయండి, ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో పట్టుకుంటారు. దుకాణంలో కొన్న గవ్వల బొమ్మలకైతే బిల్లు జేబులో ఉంచుకోండి.