ఫెస్టులో ఏ పాట: టేక్ మీ అవుటా, డాన్స్‌ఫ్లోరా?

తిరుపతిలో మా తమ్ముడి కాలేజీ ఫెస్టు. సినిమా పాటల మధ్య ఒక్క ఇంగ్లీషు రాక్ పాటకే చోటుంది. బ్యాండు రెండింటి దగ్గర ఆగింది: ఫ్రాంజ్ ఫెర్డినాండ్ వాళ్ల 'టేక్ మీ అవుట్' (2004), ఆర్కటిక్ మంకీస్ వాళ్ల 'ఐ బెట్ యూ లుక్ గుడ్ ఆన్ ద డాన్స్‌ఫ్లోర్' (2005). రెండూ ఆ బ్యాండ్లకు పేరు తెచ్చినవే, రెండూ డామినో అనే రికార్డు కంపెనీవే. బ్రిటన్ చార్టులో మొదటిది 3వ స్థానం దాకా వెళ్లింది, రెండోది ఏకంగా 1.

మంకీస్ పాట మూడు నిమిషాల్లోపే అయిపోతుంది. ఇంగ్లండులోని షెఫీల్డ్ నుంచి వచ్చిన ఈ కుర్రాళ్లు అప్పటికే షోలలో డెమో సీడీలు ఊరికే పంచారు. అభిమానులు వాటిని నెట్‌లో పెట్టారు. అందుకే జనానికి నోటికి వచ్చేసింది. మన ఆడిటోరియంలో ఆ సుఖం లేదు. షెఫీల్డ్ యాసలో గబగబా దొర్లే మాటలు మొదటి వరుసకు కూడా అందవు, డ్రమ్మర్‌కు చేతులు పడిపోతాయి.

ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ది స్కాట్లాండులోని గ్లాస్గో. వాళ్ల పాట తమాషా వేరు. వేగంగా మొదలై, దాదాపు నిమిషం దగ్గర నెమ్మదిస్తుంది. వేగం తగ్గాకే అసలు ఊపు! ఆ మలుపులో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని వాయించాలి, లేదంటే గోవిందా. అది దాటితే, ఆ గిటార్ వరుసను మాటలు తెలియనివాళ్లూ హమ్ చేయొచ్చు.

నా ఓటు దీనికే. పాడేవాడు మాత్రం మంకీస్ అంటున్నాడు. డ్రమ్స్ కొట్టేది వాడు కాదు కదా!