‘ఎస్‌టీ’ సున్నా అయ్యాక: షేర్డ్ నుంచి డెడికేటెడ్ వీసీపీయూకు

మా సైటు నడిచే అద్దె సర్వర్‌ను, ప్రాసెసర్‌ను ఇతరులతో పంచుకునే షేర్డ్ ప్లాన్ నుంచి, మా వాటా మాకే ఉండే డెడికేటెడ్ వీసీపీయూ (వర్చువల్ ప్రాసెసర్)కు మార్చి ఏడాది దాటింది. దాంట్లో నాకు అంతగా నచ్చింది ఒక్కటే. సర్వర్ పనిభారం చూపే టాప్ కమాండ్ కొడితే సీపీయూ వరుసలో చివర కనిపించే ‘ఎస్‌టీ’, అంటే స్టీల్ టైమ్ (మన వంతు రాక ఎదురుచూసిన సమయం), ఎంత రద్దీలోనూ సున్నా మీద నుంచి కదలదు. మిగతా హంగులన్నీ షేర్డ్‌లోనూ ఉన్నవే.

మాది తిరుపతిలో కొన్ని లాడ్జీలకు గదుల బుకింగ్ సైటు. మామూలు రోజుల్లో సర్వర్‌కు పెద్ద పని ఉండదు. టీటీడీ రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో పెట్టిన పూట మాత్రం సంగతి వేరు. స్లాట్ దొరికినవాళ్లు వెంటనే గది కోసం వెతుకుతారు. ఆ కాసేపే మాకు అసలు వ్యాపారం.

షేర్డ్ ప్లాన్‌లో ఉండగా అలాంటి ఒక ఉదయం పేజీలు తెరుచుకోవడం ఆగిపోయింది. రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జీ ఓనరు ఫోన్ చేశాడు. “ఏమన్నా, అట్నే తిరగతా ఉంది. పార్టీ డబ్బు కట్టేసినాడంట, రూము మాత్రం బుక్ కాలేదు!” పేమెంట్ గేట్‌వే నుంచి కబురు వచ్చేసరికి మా సర్వర్ జవాబివ్వలేక టైమ్ అవుట్ అవుతోంది. కొండకు బయల్దేరబోయే కుటుంబం డబ్బు మధ్యలో చిక్కుకుపోతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. టాప్ చూస్తే మా సైటు నడిపే పీహెచ్‌పీ, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ కలిసి వాడుకుంటున్నది సగమే, ఐడిల్ (ఖాళీ సమయం) దాదాపు లేదు, ఎస్‌టీ నలభై దాటింది. అంటే మా మెషీన్ పనికి సిద్ధంగా ఉన్నా అసలు ప్రాసెసర్ మీద దానికి వంతు రావడం లేదు. ఒకే ప్రాసెసర్‌ను చాలా మెషీన్లకు పంచే హైపర్‌వైజర్ ఆ సమయాన్ని పక్క మెషీన్లకు ఇస్తోంది. పైవాటా వాళ్లు మోటార్ వేయగానే కింద కొళాయిలో ధార సన్నబడినట్టే.

సపోర్ట్‌ను అడిగితే “మీది షేర్డ్ ప్లాన్” అన్న ఒక్క ముక్కే జవాబు. నిబంధన ప్రకారం వాళ్లు చెప్పింది నిజమే. కానీ ప్లాన్ పేజీలో ‘2 వీసీపీయూ’ అని పెద్దక్షరాలతో రాసేవాళ్లు, వాటిని ఎంతమందికి పంచుతున్నారో ఎక్కడా రాయరు. నా కోపమంతా దాని మీదే. వాడని ప్రాసెసర్ సమయాన్ని క్రెడిట్‌గా దాచుకునే అమెజాన్ టీ3 లాంటి సర్వర్లలో కనీసం లెక్క ఉంటుంది. టీ3 మైక్రోకు ఒక్కో వీసీపీయూ మీద 10 శాతం బేస్‌లైన్ (ఎప్పుడూ వాడుకోగల వాటా), ఒక క్రెడిట్ అంటే ఒక వీసీపీయూ నిమిషం పాటు పూర్తిగా పనిచేయడం. ఎంత మిగిలిందో చూసుకోవచ్చు.

అదే కోడ్, అదే డేటాబేస్‌తో డెడికేటెడ్‌కు మారాం. ఆ తర్వాత టికెట్లు విడుదలైన పూటల్లో ఓనర్ల నుంచి అలాంటి ఫోన్లు రాలేదు. సైటు వేగం పెరిగిందని అందరికీ చెబుతూ వచ్చాను గానీ, ఆ తేడా రద్దీ వేళకే. అర్ధరాత్రి రెండూ ఒకటే. డెడికేటెడ్ వీసీపీయూ అన్నా చాలాచోట్ల అది ప్రాసెసర్ కోర్‌లో పంచుకునే ఒక థ్రెడ్డే, పూర్తి కోర్ కాదు. మా ప్లాన్‌లో డిస్క్, నెట్‌వర్క్ ఇప్పటికీ ఉమ్మడివే, బ్యాకప్ నడిచేటప్పుడు ‘డబ్ల్యూఏ’ (డిస్క్ కోసం ఎదురుచూసే సమయం) పెరుగుతూనే ఉంది. తేదీలవారీగా ఖాళీ గదులు వెతికే క్వెరీ ఇక్కడా నత్తనడకే నడిచింది. దానికి మందు డేటాబేస్‌లో ఇండెక్స్ (వెతకడాన్ని తేలిక చేసే సూచిక), కొత్త ప్లాన్ కాదు. బిల్లు మాత్రం రెట్టింపు దాటింది.

చిత్తూరులో మిత్రుడొకడు తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీకి లారీల టోకెన్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాడు. జూన్, జులైలో డెడికేటెడ్, సీజన్ అయిపోగానే మళ్లీ షేర్డ్. ప్లాన్ మార్చేటప్పుడు మెషీన్ కాసేపు ఆపాలి. డిస్క్ మాత్రం పెంచడు, ఒకసారి పెంచితే అతని ప్లాన్‌లో మళ్లీ తగ్గించడం కుదరదు. అతనికి అది సరిపోయింది. మాకు రద్దీ నెలనెలా వస్తుంది కాబట్టి కుదరలేదు.

బడి సైటో, చిన్న షాపు సైటో అయితే షేర్డ్‌ను వదలమని నేను చెప్పను. మీ రద్దీ వేళలో టాప్ లాంటిదే అయిన వీఎమ్‌స్టాట్ కమాండ్ నడిపి ఎస్‌టీ చూడండి. ఒకటి రెండు శాతం లోపే ఉంటే ఆ డబ్బు మిగుల్చుకోండి. నేనైతే వచ్చే వైకుంఠ ఏకాదశి దాకా ఇదే ప్లాన్‌లో ఉంటాను. లాడ్జీలు తగ్గితే అప్పుడు మళ్లీ లెక్క వేసుకుంటాను.