ఒమాహాలో టోపీలు తిరగేసేవాళ్ల మధ్య

జూన్‌లో అమెరికాలో, నెబ్రాస్కాలోని ఒమాహా వెళ్తే ఊరంతా కాలేజీ బేస్‌బాల్ గోలే. కాలేజీ జట్ల జాతీయ కప్పు తేల్చే పోటీ, కాలేజ్ వరల్డ్ సిరీస్, 1950 నుంచి ఇక్కడే జరుగుతోంది. ఎనిమిది జట్లు వస్తాయి, వాటి వెంట అభిమానులు, వాళ్ల వెంట బోలెడు నమ్మకాలు. ఆ నమ్మకాలను దగ్గరగా చూడాలంటే ఖరీదైన సీటు దండగ అని నా అభిప్రాయం.

బ్యాటర్ నిలబడే చోటు, అంటే హోమ్ ప్లేట్ వెనక కూర్చుంటే ఆట బాగా కనిపిస్తుంది, నిజమే. అసలు సందడి మాత్రం మైదానం అవతలి చివర ఉండే ఔట్‌ఫీల్డ్ బెంచీల్లో ఉంది. అక్కడ ముందు వెళ్లినవాళ్లదే చోటు, ఎండ మాడ్చేస్తుంది, గేటు దగ్గర పెద్ద క్యూ. అయినా నేను మళ్లీ అక్కడే కూర్చుంటాను. జట్టు వెనకబడగానే వరసలు వరసలుగా టోపీలు తీసి, లోపలి వైపు బయటికి తిప్పి పెట్టుకుంటారు. దాన్ని ర్యాలీ క్యాప్ అంటారు. పరుగులు వస్తున్నంతసేపు ఎవరూ సరిచేసుకోరు. సచిన్ ఆడుతుంటే కూర్చున్న చోటు నుంచి కదలనివ్వని ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

లూసియానా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఒళ్లో పాసమ్ అనే చిన్న అమెరికా అడవి జంతువు బొమ్మ పెట్టుకుని కూర్చుంది. 2016లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) సొంత మైదానంలోకి ఒక పాసమ్ దూరింది. ఓడిపోతుందనుకున్న జట్టు ఆ రోజు గెలిచింది. అప్పటి నుంచి ఆ జంతువు వాళ్లకు శుభసూచకం. మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ వాళ్లకు ఆవు మెడ గంట అలాంటిదే. వెనకటికి ఒక ఆవు ఫుట్‌బాల్ మైదానంలోకి వచ్చిన రోజు వాళ్లు గెలిచారని చెప్పుకుంటారు.

స్టేడియం ఎదురుగా ఉన్న రాకోస్ అనే పిజ్జా బార్‌లో మందు కలిపిన జెల్లీ షాట్లు ఏ కాలేజీ వాళ్లు ఎన్ని కొన్నారో బోర్డు మీద రాస్తారు. 2022లో ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) అభిమానులు 18,777 కొన్నారు, కప్పు వాళ్లదే. 2023లో ఎల్‌ఎస్‌యూ వాళ్లవి 68,888, కప్పూ వాళ్లదే. ఎక్కువ కొన్నవాళ్లదే కప్పు అని ఇక నమ్మకుండా ఎలా ఉంటారు? అందులో కొంత డబ్బు ఆయా ఊళ్ల ఫుడ్ బ్యాంకులకు వెళ్తుంది. తాగనివాళ్లు కూడా ఆ బోర్డు చూసి రావాలి.

బస విషయానికొస్తే, స్టేడియం చుట్టుపక్కల ఆ రోజుల్లో రేట్లు మండిపోతాయి. మేం దూరంగా దిగిన హోటల్ షటిల్ ఇస్తామని చెప్పి, ఆట మొదలయ్యే వేళకు పంపలేదు. మిజోరీ నది అవతల, ఐయోవాలోని కౌన్సిల్ బ్లఫ్స్‌లో ఉండటం మేలు. నది మీద నడక వంతెన ఉంది, సాయంత్రం దాని మీదుగా రావడమే ఒక హాయి.

2010 దాకా ఆటలు జరిగిన రోసెన్‌బ్లాట్ స్టేడియం ఇప్పుడు లేదు. జూ దగ్గర ఆ చోట చిన్న స్మారకం ఉంచారు. పాత అభిమానులు అక్కడి హోమ్ ప్లేట్ మీద నిలబడి ఫొటో దిగాకే ఆటకు వెళ్తారు. పిల్లలుంటే జూకి ఒక పూట కేటాయించండి.

టికెట్ ఫైనల్‌కి కాదు, మొదటి వారాంతానికి కొనండి. అప్పుడైతే ఎనిమిది జట్ల వాళ్లూ ఊళ్లోనే ఉంటారు.